హార్మోనీ ఆపొద్దన్నారు

నరసరావుపేట
14 జూన్ 1986

చిరంజీవి తమ్ముడు శౌరికి అక్క ఆరోగ్యమ్మ దీవెనలు.

మాచర్ల నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మీ ఇంట్లో గడిపిన మంగళవారం ఉదయమే ఇంకా కళ్ళ ముందు తిరుగుతోంది. అందులో విశేషమేమీ లేదు. అందుకే రాస్తున్నాను.

నేను జపమాల ముగించేసరికి తుంపర పడుతోంది. దయామణి పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టింది. నువ్వు ఆరున్నరకు లేచావు. ఒకప్పుడు నాకంటే ముందు లేచి దొడ్లో గొంతు సవరించుకునేవాడివి. ముఖం కడుక్కుని వసారాలో కూర్చున్నావు. చలికి నేను శాలువా కప్పుకున్నాను. నీ బనియను మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయింది. అట్టముక్కతో విసురుకున్నావు. ఐదు నిమిషాలకు ఆ చెమట దానంతటదే ఆరిపోయింది. కాఫీ ఇచ్చి, దయామణి హార్మోనీ పెట్టె తెచ్చి నీ ముందు పెట్టింది. నువ్వు శిక్ష పడ్డవాడిలా గోడగడియారం చూస్తూ అరగంట వాయించావు. వింతగా తోచింది. అడగలేదు. ఉప్మా సగం వదిలేశావు. ఎనిమిదింటికి రెంటచింతల నాటకాలాయన తన పెట్టె తెచ్చి, ఒక స్వరం పలకడం లేదన్నాడు. మూత ఎత్తి చూసి, "రేపు రావయ్యా" అన్నావు. అది నీకు పావుగంట పని. తొమ్మిదిన్నరకు పని బల్ల మీద తల వాల్చి నిద్రపోయావు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. "రాత్రి నిద్ర పట్టలేదా?" అని దయామణిని అడిగితే, "రాత్రంతా పడుకునే ఉన్నాడు వదినా. గుడిలో పూజప్పుడు గూడా కునుకే" అంది.

మొదటిసారి రాచపుండు పట్టిందని నీకు ఒక వృషణం తీసి కరెంటు పెట్టారు. మూడేళ్ళకు రెండోదానికీ పట్టింది. నిరుడు ఆగస్టులో అదీ తీశారు. ఈ మాటలు రాయడానికి నాకు సిగ్గు లేదు. నువ్వు పుట్టినప్పుడు నీళ్ళు పోసినదాన్ని. రెండో ఆపరేషనప్పుడు దయామణి మీ అమ్మాయి పురుటికి వెళ్ళింది, నేను నీ పక్కనున్నాను. దయామణికి చెప్పొద్దని దేవమాత పటం ముందు నా చేత మాట తీసుకున్నావు. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు. కార్డు కాకుండా కవరులో రాయడం కూడా అందుకే.

గుంటూరు డాక్టరు గారు అప్పుడు నా ఎదుటే ఒక సూదిమందు రాశారు. మూడు వారాలకొకటి, బతికున్నన్నాళ్ళూ. ఒంట్లో ఇక తయారుకానిదాన్ని బయటి నుంచి ఇవ్వాలన్నారు. వేయించుకుంటున్నావా అని మొన్న వచ్చినప్పుడు అడిగితే తల ఊపావు. తల ఊపడం జవాబు కాదు. ఒక్క మాట రాయి.

నీ అక్క
ఆరోగ్యమ్మ


మాచర్ల
22 జూన్ 1986

అక్కకు శౌరి వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఒక ముసలాడు చెమట పట్టి కునుకు తీస్తే దానికి ఇంత కాగితం ఖర్చా! మా వసారాకు రేకుల కప్పు. నాలుగు చినుకులు పడితే ఉక్కపోస్తుంది. నీకు చలేసింది కాబట్టి నాకూ వేయాలని చట్టమేమీ లేదు.

డాక్టరు రాసిన సూదులు అయిపోయినయి. రోగమూ అయిపోయింది. ఇక నన్ను వదిలిపెట్టు.

నాకు యాభై అయిదు. తాతనయ్యాను. ఇప్పుడు మగతనం సూదులు గుచ్చించుకుని ఏ పెళ్ళిపీటలెక్కాలి? ఇక్కడ ఒక మిల్లు ఆసామి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు. తలకు రంగు, వేళ్ళకు ఉంగరాలు, నెలనెలా బలానికి సూది. బజార్లో ఎదురైతే అందరూ దణ్ణం పెడతారు, దాటిపోగానే నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నన్ను ఆయన వెనక వరసలో నిలబెడతానంటావు. చాలా గౌరవం.

ఈ డాక్టర్లకేం. మందుల కంపెనీవాడు డైరీ ఒకటి, పెన్ను ఒకటి బల్ల మీద పెడితే ఆ పెన్నుతోనే ఆ మందు రాసేస్తారు. పైగా "బతికున్నన్నాళ్ళూ" అట. పాలవాడు కూడా అంత ధైర్యంగా ఖాతా పెట్టడు.

నువ్వు రోజూ జపమాల తిప్పేదానివి. దేవుడు తీసుకున్నదాన్ని సూదితో వెనక్కి అడగడం అందులో ఏ పూస కిందికి వస్తుందో కాస్త చెప్పు.

తమ్ముడు
శౌరి


నరసరావుపేట
28 జూన్ 1986

శౌరికి,

బతికున్నన్నాళ్ళూ వేయాల్సిన మందు అయిపోయిందంటే రెండే అర్థాలు. ఒకటి, నువ్వు చనిపోయి ఉండాలి. ఉత్తరం నీ దస్తూరీలోనే ఉంది.

పూసల సంగతి అడిగావు. దేవుడు నీ కంటిచూపు తగ్గించి ఆరేళ్ళయింది. మర్నాడే బజారుకు పోయి కళ్ళజోడు తెచ్చుకుని వెనక్కి అడిగావు. అప్పుడు ఏ పూసా అడ్డం రాలేదు.

నేను దయామణికి రాస్తున్నాను. భయపడకు. చెప్పను, అడుగుతాను.

ఆరోగ్యమ్మ


నరసరావుపేట
28 జూన్ 1986

దయామణికి దీవెనలు.

గుంటూరు డాక్టరు గారు ఏం చెప్పారని శౌరి నీకు చెప్పాడు? ఉన్నదున్నట్టు రాయి. మనవడికి ముద్దులు.

మీ వదిన
ఆరోగ్యమ్మ


మాచర్ల
6 జూలై 1986

వదినగారికి దయామణి వందనాలు.

నాకు రాతకోతలు అంత రావు. తప్పులుంటే ఏమనుకోమాకండి.

ఆయన నిరుడు గుంటూరు నుంచి వచ్చి మంచం మీద కూర్చుంటానే చెప్పాడు. "హార్మోనీ ఆపొద్దన్నారే, ఆపితే మనిషి పడిపోతాడంట, బతికున్నన్నాళ్ళూ ఉండాలంట" అన్నాడు. ఇదేం డాక్టరబ్బా, పెట్టె వాయిస్తే ఒళ్ళు నయమవుద్దా అని నాకు గూడా అనుమానమొచ్చింది. మళ్ళీ అనుకున్నా, ముప్పయ్యేళ్ళు పెట్టెలు బాగుచేసిన మనిషి, ఊరంతా హార్మోనీ శౌరి అనే పిలిచిద్ది, ఒక్కసారిగా మానేస్తే ఒంటికి పడదేమోలే అని. చీటీ ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయి కూడబలుక్కుని చదివి "హార్మోను అనుంది నాన్నా" అంది. "ఇంగ్లీషులో అట్టానే రాస్తారమ్మా" అన్నాడు.

ఇంక అప్పట్నుంచి నేను ఊరుకోలా. పొద్దున కాఫీ అవగానే పెట్టె ముందు పెడతన్నా. అరగంట వాయించిందాకా ఉప్మా పెట్టను. మూడు వారాలకోసారి మోతాదు గట్టిగా పడాలన్నాడంట డాక్టరు. నేనే పోయి ఫాదరు గారి కాళ్ళా వేళ్ళా పడ్డా. మూడు వారాలకోసారి ఆదివారం పాటపూజలో పెట్టె వాయించడం ఆయనకే ఇచ్చారు. అప్పటిదాకా వాయించే పిలగాయలు నా మీద కారాలు నూరతన్నారు.

అయినా మందు పని చేయట్లా వదినా. ఆయనకు ఒళ్ళు రాట్లా, నాకు చెవులు పోతన్నయి. పలకరిస్తే కసురుకుంటాడు. లేకపోతే గోడకు తిరిగి పడుకుంటాడు. ఈ పెట్టె చిన్నదయిందేమో, ఇంకొంచెం పెద్దది కావాలేమో, మీరు డాక్టరు గారినడిగి రాయండి.

దయామణి


నరసరావుపేట
12 జూలై 1986

శౌరికి,

దయామణి ఉత్తరం చేరింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు వచ్చింది. మిగతా రెండుసార్లు రాలేదు.

హార్మోనుకూ హార్మోనీకీ తేడా తెలియని అమాయకుడివి కావు నువ్వు. పెట్టెలో ఒక స్వరం వెంట్రుకవాసి తప్పితే గదవతల నుంచి పట్టుకుంటావు. భార్య మాటలో ఒక అక్షరం తప్పితే పదకొండు నెలలుగా వినపడలేదు.

ఆమె ఫాదరు గారి కాళ్ళు పట్టుకుంది. నువ్వు గుడిలో బలిపీఠం పక్కన కూర్చుని ఆ అబద్ధాన్ని రాగం కట్టి వాయించావు. జనం దానికి లేచి నిలబడ్డారు. ఇంత ఘనకార్యం మన వంశంలో ఎవరూ చేయలేదు.

నేను గుంటూరు డాక్టరు గారికి రాశాను. జవాబు ఇచ్చారు. నువ్వు చీటీ రాయించుకున్నది మూడు సూదులకే. నాలుగోదానికి చీటీ అడగడానికి కూడా వెళ్ళలేదు. ఆ మందు లేకపోతే చెమటలు, నీరసం, దిగులు వస్తాయి. ఎముకలు గుల్లబారతాయి. ఈ మందు వల్ల మళ్ళీ పుండు వస్తుందేమో అని నేనే అడిగాను. నీ విషయంలో ఆ భయం లేదని, ఏడాదికోసారి రక్తం, ఛాతీ ఫోటో చూపించుకుంటే చాలని రాశారు. పెళ్ళిపీటల సంగతి ఆయన ఎక్కడా రాయలేదు. ఆ మాట నీ నోటిదే.

ఎందుకు మానావు? హాస్యం వద్దు. హాస్యానికి నా దగ్గర తీరిక లేదు.

ఆరోగ్యమ్మ


మాచర్ల
20 జూలై 1986

అక్కకు,

హాస్యం వద్దన్నావు. సరే.

రెండు సూదులు జిలానీ దగ్గర వేయించుకున్నాను. గడియారస్తంభం దగ్గర కాంపౌండరు, నీకు తెలుసు. మంచివాడు. సీసా మీద ఏముందో చదివి కూడా నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే ఆ రెండిటికే తేడా తెలిసింది. ఆ నెల పని మీద నిద్ర రాలేదు.

మూడోసారి పోయేసరికి బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. అందులో ఏసోబు ఒకడు. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. నా చేతిలోని సీసా లాక్కుని చదివాడు. పశువుల మందుల్లో ఆ పేరు ఎక్కడో చూశాడట. ఇక మొదలుపెట్టాడు.

"ఒరేయ్ శౌరీ, ముప్పయ్యేళ్ళు కోడెల్ని ఎద్దులు చేసిన చెయ్యిరా ఇది. ఎద్దును తిరిగి కోడెను చేసే సూది ఇయ్యాల చూశా. ఎప్పుడన్నా కుమ్మబుద్ధయితే ముందుగా ఒక కేక వెయ్యి సామీ, పక్కకు తప్పుకుంటాం."

బెంచీ ఊగిపోయేటట్టు నవ్వారు. జిలానీ ఒక్కడే "నోర్ముయ్యి ఏసోబూ, ఇది ఆసుపత్రా పశువుల సంతా" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? వాళ్ళతో కలిసి నవ్వాను. నవ్వి, సీసా జేబులో పెట్టుకుని వచ్చేశాను. దోవలో కాలవలో పారేశాను.

ఇక దయామణి సంగతి. ఆమెతో హార్మోను ఆపొద్దన్నారనే అన్నాను. ప్రమాణంగా. ఆమెకు హార్మోనీ అని వినపడింది. వెంటనే లేచి, దుమ్ముకొట్టుకుపోయిన మన నాన్న పెట్టె తీసి, కొంగుతో తుడిచి, నా ముందు పెట్టింది. అట్లా తుడుస్తుంటే దిద్దలేకపోయాను. దిద్దితే అది దేనికి మందో చెప్పాలి. అది చెబితే ఏది లేదో చెప్పాలి. చెప్పాక ఆమె నన్ను జాలిగా చూస్తుంది. ఏసోబు నవ్వు భరిస్తాను గానీ ఆ చూపు నా వల్ల కాదు. మర్నాటికి ఆ మాట పాతబడింది. నెలకు నిజమైంది.

నువ్వు తిట్టు. కానీ ఇచ్చిన మాట తప్పకు.

శౌరి


నరసరావుపేట
27 జూలై 1986

శౌరికి,

తిట్టను. ఏసోబును తలచుకుని నీ ఒంటికి శిక్ష వేసుకుంటున్నావు. వాడికి ఆ నవ్వు సాయంత్రానికే మరుపుకు వచ్చి ఉంటుంది.

మాట ఇచ్చి నోరు మూసుకోవడం పుణ్యమనుకున్నాను. నీ దొంగతనానికి వాకిట్లో కాపలా కాశానని ఇప్పుడు తెలిసింది. ఆగస్టు పదిహేను దాకా గడువు. ఈలోగా నువ్వు దయామణికి చెప్పు. లేదా నేను వచ్చి చెబుతాను.

ఆరోగ్యమ్మ


మాచర్ల
4 ఆగస్టు 1986

వదినగారికి దయామణి వందనాలు.

నిన్న పాటపూజ ఆయన వంతు. పెట్టె ఎత్తుకుని గుడి మెట్లెక్కుతా మూడో మెట్టు మీద తూలి పడ్డాడు. ఎత్తేమీ కాదు, చంటిపిల్లలు దూకే ఎత్తు. కుడిచేతి మణికట్టు రెండు చోట్ల ఇరిగింది. ఇక్కడి డాక్టరు ఫోటో చూసి, "ఇంత మాత్రానికి ఇరగాల్సిన ఎముక కాదే, సుద్దముక్కలాగుంది" అన్నాడు. తీగె వేసి కట్టాలని గుంటూరు పంపారు.

నన్ను రావొద్దన్నాడు. అల్లుడు జోజిని తీసకపోయాడు. "మగవాళ్ళ వార్డు, నీకక్కడేం పని" అన్నాడు. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని బస్సు ఎక్కనీలా వదినా. మొగుడు చెయ్యిరగ్గొట్టుకుంటే ఇంట్లో కూర్చున్న ఆడదాన్ని ఈ ఊళ్ళో నన్నే చూస్తన్నారు.

ఎందుకు రావొద్దన్నాడో మీకు తెలుసు. నాకు తెలియదని మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ అనుకుంటన్నారు.

దయామణి


మాచర్ల
7 ఆగస్టు 1986

శౌరికి,

ఈ ఉత్తరం ఇవాళ రాత్రికే గుంటూరు వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. ఎడమచేత్తో పట్టుకుని చదువుకో. జోజిని చదవమనవద్దు.

నిన్న మధ్యాహ్నం ఇక్కడ దిగాను. రైల్లో వస్తున్నంతసేపూ మాట తప్పుతున్నందుకు క్షమాపణ చెప్పుకుంటూ వచ్చాను. అవసరం రాలేదు. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రాగానే దయామణి అంది:

"కూర్చోండి వదినా. రెండోది గూడా తీసేశారని చెప్పడానికేగా ఇంత దూరం వచ్చింది?"

నేను నిలబడే ఉన్నాను.

"ఆయన పంచెలు ఉతికేది ఎవరనుకున్నారు? కట్టు మార్చుకునేటప్పుడు తలుపుకు గడె పెట్టాడు, కిటికీ మరిచాడు. పురుటి నుంచి వచ్చిన వారానికే తెలుసు నాకు. మగాడు, దాచుకోవాలనుంది, దాచుకోనీలే అని ఊరుకున్నా. ఆయన నాకు కనపడకుండా ఆయన తిప్పలు, నాకు తెలిసినట్టు ఆయనకు తెలియకుండా నా తిప్పలు."

శౌరీ, నువ్వు ఏ చూపుకు భయపడి ఇంత చేశావో, ఆ కళ్ళు పదకొండు నెలలుగా అన్నీ తెలిసే నిన్ను చూస్తున్నాయి. నీకు తేడా కనపడలేదు.

అప్పుడు నేను ఆమెకు హార్మోను అంటే ఏమిటో చెప్పాను. వృషణాలలో తయారయ్యేదని, అవి లేవు గనక సూదితో ఇవ్వాలని, మనిషి నిలబడడానికి, ఎముక గట్టిపడడానికి అది కావాలని.

"అయితే హార్మోనీ అక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదు."

"ఆయనకు తెలుసా అక్కర్లేదని?"

"తెలుసు."

అప్పుడు ఏడ్చింది. ఆపరేషను తెలిసినప్పుడు కూడా ఏడవలేదట. "తీసేసినదానికి నేను ఏనాడూ బాధపడలా వదినా. ఈ వయసులో దానితో నాకేం పని? మనిషి దక్కాడు, చాలనుకున్నా. కానీ పొద్దునే లేచి, ఈయన బాగుండాలని, నేను పెట్టె తుడిచి ముందు పెడతంటే... చూస్తా కూర్చున్నాడా! రోజూ! నన్ను ఎంత ఎర్రిదాన్ని చేశాడు!"

దీనికి జవాబు నువ్వే చెప్పుకో.

ఈ సాయంత్రం ఇంట్లో కూర్చుని కొన్ని విషయాలు తేల్చాం. నేను, దయామణి, మీ అమ్మాయి. జిలానీని కూడా పిలిపించాం. దుకాణం మూసి వచ్చాడు. మూడోసారి నువ్వు సూది వేయించుకోకుండా వెళ్ళిపోయినప్పుడే ఇంటికి వచ్చి అడగాల్సిందని నొచ్చుకున్నాడు.

సూది ఇకమీదట ఇంట్లోనే. బెంచీ లేదు, ఏసోబు లేడు. వేసేది దయామణి. జిలానీ రెండుసార్లు పక్కనుండి చూపిస్తాడు. ఇవాళ బత్తాయి కాయ మీద మొదలుపెట్టించాడు. మొదటి కాయలో సూది అటు నుంచి ఇటు దిగిపోయింది.

"నెమ్మది చెల్లెమ్మా" అన్నాడు. "ఇది నూనె మందు, జారదు. తొందరపడితే గడ్డ కట్టిద్ది. కోపంగా ఉన్నప్పుడు అసలు వేయకూడదు."

"అట్టయితే ఈ జన్మలో వేయలేను జిలానీ అన్నా" అంది దయామణి. మీ అమ్మాయి బయటికి వెళ్ళి నవ్వుకుని వచ్చింది. నాలుగో కాయకు చెయ్యి కుదిరింది.

మూడు వారాల పాటపూజ నీ పేరు మీద నుంచి తీసేయమని గుంటూరు నుంచి తిరిగి వచ్చాక ఫాదరు గారికి దయామణే చెబుతుంది. కారణం అడిగితే నిజమే చెబుతానంది. నేను వద్దనలేదు. ఏసోబు ఇంటి మీదికి వెళతానంది. దానికి మాత్రం వద్దన్నాను. ఏడాదికోసారి గుంటూరు పరీక్షలకు బస్సులో నీ పక్క సీటు ఆమెది.

రేపు మొదటి బస్సుకు దయామణి అక్కడికి వస్తోంది. జోజి ఇంటికి వచ్చేస్తాడు. మొదటి సూది డాక్టరు గారి ఎదుట, ఆమె చేతుల మీదుగా. ఎవరెవరికి ఏయే పనో పంచుకున్నాక, ఇంకెవరి ఒప్పుదలైనా తీసుకోవాలా అని మీ అమ్మాయి అడిగింది. ముగ్గురం ఆలోచించాం. ఎవరూ గుర్తుకు రాలేదు.

నీ అక్క
ఆరోగ్యమ్మ